అటక మీది ప్లేట్లకు ముల్లు పెట్టే ముందు

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ వైపు పాత ఇళ్ళ అటకలు దులిపినప్పుడు గ్రామఫోను ప్లేట్ల పెట్టె దొరికితే సాధారణంగా రెండు మాటలు వినిపిస్తాయి. "ఇవన్నీ ఫోన్లో ఉన్నాయిగా" అన్నది ఒకటి, "ఒకసారి పెట్టి చూద్దాం" అన్నది రెండోది. మొదటిది సగమే నిజం. రెండోది ప్లేటుకు చేటు. ఈ ప్లేట్లు ఇంటి దస్తావేజుల్లాంటివి, వాటిని తెరిచే పద్ధతి వాటి పుట్టుకలోనే ఉంది.

1877లో ఎడిసన్ తగరపు రేకు చుట్టిన స్తూపం మీద మాటను గీశాడు. పదేళ్ళకు ఎమిల్ బెర్లినర్ ఆ గీతను చదునైన పళ్ళెం మీదికి తెచ్చాడు. దాంతో ఒక్క అచ్చు నుంచి వేల ప్రతులు తీయడం సాధ్యమైంది. ఆ ప్లేటుకు ప్రాణం మన అడవుల లక్క. పురుగు కొమ్మల మీద వదిలే ఆ జిగురులో రాతిపొడి, మసి కలిపి వేడిగా నొక్కేవారు. 1902లో గ్రామఫోన్ కంపెనీ ఇంజనీరు గైస్‌బర్గ్ కలకత్తాలో గాయని గౌహర్ జాన్ గొంతు రికార్డు చేశాడు. 1908 నాటికి అక్కడే సియాల్దాలో ప్లేట్ల కర్మాగారం వెలిసింది. ఆ ప్లేట్ల వేగం నిమిషానికి 78 చుట్లు, వైపుకు మూడు నిమిషాల పైచిలుకు. కీ ఇస్తే తిరిగేది కనుక కరెంటు లేని ఊళ్ళకూ నాటక పద్యాలు, హరికథలు చేరాయి. ఘంటసాల పాడిన, కవి కరుణశ్రీ పుష్పవిలాపాన్ని జనం ఈ ప్లేట్ల మీద విన్నారు. 1948లో అమెరికాలో కొలంబియా కంపెనీ వినైల్ అనే ప్లాస్టిక్‌తో చేసిన ఎల్.పి. (లాంగ్ ప్లే) ప్లేటు తెచ్చింది. దాని వేగం 33⅓ చుట్లు, వైపుకు ఇరవై నిమిషాలు. దాని మీది గీతను, అంటే గాడిని, సాగదీస్తే 400 మీటర్లు దాటుతుంది. మన దేశంలో 1960ల్లో కూడా లక్క ప్లేట్లు వస్తూనే ఉన్నాయి కనుక ఒకే పెట్టెలో రెండు జాతులూ కలిసిపోయాయి.

చిక్కంతా అక్కడే. 78 ప్లేటు గాడి వెడల్పు, ఎల్.పి. గాడి సన్నం. 78కి వాడే ముల్లు కొన వ్యాసార్థం సుమారు 75 మైక్రాన్లు, ఎల్.పి.కి 25 లేదా అంతకన్నా తక్కువ. సన్న ముల్లును 78 మీద పెడితే అది గాడి అడుగున పేరుకున్న మట్టిని చదువుతుంది. శుభ్రం చేయడంలో ఇంకో ప్రమాదం ఉంది. వినైల్‌కు వాడే స్పిరిట్ లక్కను కరిగించేస్తుంది. వడ్రంగులు లక్క పాలిష్ కలిపేది స్పిరిట్‌లోనే కదా. మిర్యాలగూడ లాంటి రైస్‌మిల్లుల ఊళ్ళో దుమ్మునూ తేలిగ్గా తీసుకోకూడదు. అందులో కలిసే ఊక బూడిదలో అధికభాగం సిలికా, అది వినైల్ కన్నా గట్టిది. ముల్లు మోసే బరువు రెండు గ్రాములే అయినా ఆనే చోటు మైక్రాన్లలో ఉంటుంది కనుక, దాని కింద పడిన రేణువు గాడి గోడను చెక్కేస్తుంది. ఆ గీత మళ్ళీ మాసిపోదు.

ఇంత శ్రమ దేనికని అడగొచ్చు. ధ్వని కోసమైతే అక్కర్లేదు. నిశ్శబ్దానికీ పెద్ద ధ్వనికీ మధ్య సీడీ పట్టుకునే వ్యత్యాసం ఎల్.పి. కన్నా చాలా ఎక్కువ. అమెరికాలో 2022లో ప్రతుల లెక్కన వినైల్ అమ్మకాలు సీడీలను దాటాయన్నదీ నా వాదనకు ఆధారం కాదు. ఫోన్లో దొరికేవి ఎక్కువగా గిరాకీ ఉన్న సినిమా పాటలు. నాటక పద్యాలు, హరికథలు అంత తేలిగ్గా దొరకవు. దొరికినా, ఏ అరిగిన ప్రతి నుంచో తీసినవి కావచ్చు. మన ప్లేటు కూడా అరిగిందేగా అంటారా? పాత ఉక్కు ముల్లు గోడలో కొంత ఎత్తునే అరగదీస్తుంది. వేరే సైజు ముల్లు పెడితే అది అరగని చోట ఆని, పోయిందనుకున్న గొంతును తిరిగి వినిపించగలదు. ఆర్కైవుల్లో చేసేది ఇదే.

కాబట్టి పెట్టె దొరికితే ముందు ప్లేట్లను వేరు చేయండి. బరువుగా, పెళుసుగా ఉన్న పది అంగుళాల ప్లేట్లు లక్కవి అనుకోండి. లేబుల్ తడవకుండా మంచినీళ్ళలో ఒక చుక్క సబ్బు వేసి మెత్తటి బ్రష్‌తో కడిగి, వెంటనే తుడిచి ఆరబెట్టండి. ఎండలో మాత్రం పెట్టకండి, వినైల్ వంగిపోతుంది. సరైన ముల్లున్నవాళ్ళ చేత ఒక్కసారి డిజిటల్‌లోకి ఎక్కించి, లేబుల్ మీది నంబరు, కంపెనీ, పాడినవారి పేరు ఫైలుతోపాటే రాసిపెట్టండి. ఆ తర్వాత కూడా ప్లేటును పారేయకండి.