పొగగూడు మూశాం, గోడ ఏడ్చింది

బందరు గొడుగుపేటలో మా అత్తగారి ఇంటి వంటగదికి ఓ పొగగూడు ఉంది. కట్టెల పొయ్యి మీదుగా ఇటుకతో కట్టుకుంటూ పోయి, పెంకుల పైకి మూడడుగులు లేపారు. నాలుగు వైపులా కంతలు, వాటి మీద చిన్న కప్పు. నేను కాపురానికొచ్చేనాటికి లోపల మసి ఎంత మందంగా ఉండేదంటే, వేలితో గీస్తే పెచ్చు ఊడి చేతిలోకి వచ్చేది. ఏటా దసరాకి ముందు కొబ్బరి మట్టను తాడుకు కట్టి, పైనుంచి దింపి దులిపించేవారు. ఆ పూట ఇంట్లో వంట బంద్. మర్నాటి వరకూ అందరికీ తుమ్ములే.

గ్యాసు వచ్చాక ఆ గూడుతో పనిలేకపోయింది. పావురాలు చేరాయి. వాన పడితే జల్లు నేరుగా గట్టు మీదికే. అప్పటికే మేం విజయవాడలో స్థిరపడి, సెలవలకు మాత్రం బందరు వెళ్తున్నాం. ఓ మేస్త్రిని పిలిచి గూటి నెత్తిన బిళ్ల వేయించి మూయించాం. పనిలో పనిగా, ఇటుకల సందుల్లో సున్నం రాలుతున్న చోటల్లా సిమెంటు మెత్తించాం. ఇక నూరేళ్లు దానివంక చూడక్కర్లేదన్నారు మావారు. మూడో ఏటికే వంటగది గోడ ఏడవడం మొదలెట్టింది.

ఏడవడమంటే, నడుమెత్తు వరకూ తడి మచ్చ, దాని అంచున తెల్లటి నూగు. మా మనవడు వేలితో అద్ది నాకి చూసి ‘ఉప్పగా ఉంది నానమ్మా’ అన్నాడు. జబ్బేమిటో వాడే చెప్పేశాడు.

మేం రెండు తప్పులు చేశాం. గ్యాసుకు పొగ ఉండదు కదా, గూడెందుకనుకోవడం మొదటిది. పొగ లేదుగానీ ఆవిరి ఉంది. కిలో వంటగ్యాసు మండితే సుమారు కిలోన్నర నీరు ఆవిరై పుడుతుంది. 14.2 కిలోల బండ అయిపోయేసరికి, మనం కొనుక్కునే 20 లీటర్ల మంచినీళ్ల క్యాను నిండి పొర్లేటంత నీరన్నమాట. అన్నం, పప్పు ఉడికిన ఆవిరి దీనికి అదనం. అదంతా పోయే దారికి మేం బిళ్ల వేశాం.

రెండోది సిమెంటు. బందరు గాలిలో ఉప్పుంది, నేలలో ఉప్పుంది. 1864 నవంబరు 1 ఉప్పెనలో సముద్రం ఊరి మీదికే వచ్చి దాదాపు 30 వేల మందిని పొట్టన పెట్టుకుంది. అలాంటి చోట గోడలో ఉప్పు లేకుండా ఎలా ఉంటుంది? గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పు నీరు పీల్చి కరుగుతుంది. ఎండ కాయగానే మళ్లీ పలుకు కడుతుంది. ఆ పలుకులు పెరుగుతూ ఇటుకను లోపల్నుంచి తోస్తాయి. సున్నం మెత్తనిది, తడిని బయటికి వదిలేస్తుంది. అరిగితే తానే అరుగుతుంది, మళ్లీ పూసుకుంటాం. సిమెంటు అలా వదలదు. దాంతో తడీ ఉప్పూ ఇటుకలోంచే దారి చేసుకుంటాయి. నిచ్చెనెక్కి చూస్తే సిమెంటు గీతలు వలలా చెక్కుచెదరకుండా ఉన్నాయి. వాటి మధ్య ఇటుకలు అంగుళం లోతున పిండై రాలిపోయాయి.

వెతగ్గా వెతగ్గా డెబ్బై దాటిన ఓ మేస్త్రి దొరికాడు. పైకెక్కి, గోడ మీద వేళ్లతో తట్టి, ‘దీనికి సిమెంటు అరగదమ్మా’ అన్నాడు. మిషను ముట్టకుండా సన్న ఉలితో ఇటుకల సందుల్లోని సిమెంటంతా తీసేసరికే నాలుగు రోజులు పట్టింది. పిండైన ఇటుకలు మార్చాడు. మంచినీళ్లతో కడిగి, ఒకపాలు సున్నానికి మూడుపాళ్లు ఏటి ఇసుక కలిపాడు. పూర్వం ఈ సున్నాన్ని ఎద్దుల గానుగలో నూరేవారు. బెల్లం నీళ్లు, కరక్కాయ నానిన నీళ్లు పోసేవారు. మావారు బెల్లం తెప్పించారు గానీ ఎద్దుల్ని తేలేకపోయారు. సముద్రం పక్కనే ఉందిగా, ఆ ఇసుక పనికిరాదా అని మావారు అడిగితే, ముసలాయన ఆయనకు జవాబివ్వకుండా నావంక చూశాడు. తడి గోనెపట్టాలు కప్పి వారం పైన ఆరనివ్వలేదు. ఎండలు ముదరకముందే, మాఘంలో ఈ పని పెట్టుకోమని ఆయన మాట. తుఫాన్ల కాలానికి సున్నం గట్టిపడి ఉంటుందట.

బిళ్ల తీయించి, పావురాలు దూరకుండా తుప్పు పట్టని స్టీలు జాలీ బిగించాం. ఇనుప జాలీ బందరులో ఎన్నాళ్లుంటుందో బందరు వాళ్లకు చెప్పక్కర్లేదు.

కరెంటు చిమ్నీ పెట్టుకునేవారికి ఒక్క మాట. దాని గొట్టాన్ని పాత గూట్లోకి దూర్చి వదిలేయకండి. పాత మసికి కొత్త నూనె జిడ్డు తోడైతే నిప్పంటుకోవచ్చు. ముందు మసి గీకించి, గొట్టాన్ని పైకంటా తీసుకెళ్లండి. కుంపటితోనూ జాగ్రత్త. బాలింత గదిలో కుంపటి పెట్టే ఇళ్లు ఇంకా ఉన్నాయి. గాలి పోయే దారి లేని గదిలో బొగ్గులు రాజేస్తే పుట్టే విషవాయువుకు వాసన కూడా ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. ఇక గ్యాసు లీకైతే పొగగూడు కాపాడుతుందనుకోవద్దు. వంటగ్యాసు గాలికన్నా బరువు, నేలబారుగానే ఉంటుంది.

గోడ ఆరడానికి ఏడాది పట్టింది. మీ పాతింట్లో గూడుంటే, గ్యాసు బండ మూసి, గూటి కింద ఓ అగరొత్తి వెలిగించి చూడండి. పొగ పైకి పోకుండా గదిలోకే తిరిగొస్తుంటే, ఈ దసరా లోపే నిచ్చెన వేయించండి.