వార్ధక్యమున ఆసరా: కొన్ని అపోహలు, వాస్తవములు

ఉమ్మడి కుటుంబములు నిలిచియున్న కాలమున ఇంటి పెద్దల శక్తి ఏనాడు ఎంత సన్నగిల్లినదో ఎవరును ప్రత్యేకముగా పరీక్షింప నవసరము లేకుండెను. ఒకే కప్పు క్రింద నివసించి, ఒకే పంక్తిలో భుజించువారికి ఆ మార్పు తనంతట తానే కంటబడుచుండెను. నేడో, తల్లిదండ్రులు తణుకులోనో, నంద్యాలలోనో, కోరుట్లలోనో యుండగా, బిడ్డలు హైదరాబాదునకో, బెంగుళూరునకో, అమెరికాకో తరలిపోయిన యిండ్లు ఊరూరను కానవచ్చుచున్నవి. 2011 జనాభా లెక్కల నాటికే మన దేశమున 60 యేండ్లు దాటినవారు పది కోట్లకు పైబడియుండిరి. వీరిలో ఎవరికి, ఎప్పుడు, ఎట్టి యాసరా కావలయునో గుర్తించుట ఇప్పుడు బుద్ధిపూర్వకముగా నేర్వవలసిన విద్య యైనది. ఆ విద్యకు ప్రేమ లేమి అడ్డు కాదు. ప్రేమ యుండియు, చూడవలసినదానిని చూడనీయని కొన్ని అపోహలే అడ్డుగా నిలుచుచున్నవి. వానిని ఒక్కొక్కటిగా పరిశీలించుటకు ముందు ఒక సూత్రమును మనస్సున నిలుపుకొనుట మేలు: ఒక వృద్ధుని మరియొక వృద్ధునితో గాక, ఆయనయే నిరుడు ఎట్లుండెనో దానితో పోల్చి చూడవలయును.

అపోహ 1: "వయసు మీదపడ్డాక మతిమరుపు మామూలే."

వాస్తవము: వయస్సుతోబాటు స్ఫురణ కొంత మందగించుట సహజమే. పరిచితుని పేరు వెంటనే తోచక, మరికొంతసేపటికి జ్ఞప్తికి వచ్చుట వ్యాధి కాదు. కాని మొన్న తాము వెళ్లివచ్చిన పెండ్లి జరిగిన సంగతియే మరచిపోవుట, సమాధానము విన్న కొలది నిమిషములకే అదే ప్రశ్నను మరల మరల వేయుట, నలువది యేండ్లు నడచిన వీధిలో దారి తప్పుట, ప్రతి వేసవిని స్వయముగా కలిపిన ఆవకాయకు ఉప్పు, కారము, ఆవపిండి పాళ్లు తోచక నిలిచిపోవుట – ఇవి వేరు. వీనిని "చాదస్తం" అని తీసివేయుట తగదు. మన దేశమున జరిగిన లాసీ యను వార్ధక్య అధ్యయనము ఆధారముగా పరిశోధకులు కట్టిన అంచనా ననుసరించి, 60 యేండ్లు దాటినవారిలో డెమెన్షియా యను మతి క్షీణించు వ్యాధి గలవారు నూటికి 7.4, అనగా సుమారు 88 లక్షలమంది. ఆ లెక్కనే తిరుగవేసి చూచినచో, నూటికి తొంబదిమందికి పైగా వృద్ధులకు ఆ వ్యాధి లేదనియు తేలుచున్నది. వయోధర్మమే యైనచో ఇట్లుండుట ఎట్లు? 1906లో జర్మను వైద్యుడు ఆలోయిస్ అల్జైమర్ తన పేర నేడు ప్రసిద్ధమైన డెమెన్షియా రకమును ఒక రోగిణియందు తొలిసారి వర్ణించెను; ఆమె ఆసుపత్రిలో చేరునాటి వయస్సు 51 యేండ్లు మాత్రమే.

మరియొక సంగతి ఇంతకంటె ముఖ్యమైనది. మతిమరుపుగా కనబడునదంతయు డెమెన్షియా కాదు. థైరాయిడ్ లోపము, విటమిన్ బి12 లోపము, మానసికమైన కుంగుబాటు, వినికిడి తగ్గుట, కొన్ని నిద్రమాత్రలు – వీనిలో నేదియైనను మతిని మసకబార్చగలదు, వీనికి చికిత్సయు కలదు. "వయసే" యని యూరకున్నవారు, నయము చేయదగిన బాధను నయము కాకుండ మిగిల్చినవారగుదురు.

అపోహ 2: "బాగానే ఉన్నానని వాళ్లే చెబుతున్నారు కదా!"

వాస్తవము: ఫోనులో "నాకేం తక్కువ నాయనా, మీరు జాగ్రత్త" అను తల్లి మాటలో వాత్సల్యమున్నది, ఆత్మాభిమానమున్నది, బిడ్డలకు బరువు కారాదను నియమమున్నది, ఇల్లు విడిచి రమ్మందురేమో యను భయమున్నది; తన స్థితిని గూర్చిన సమాచారము మాత్రము అందులో నుండకపోవచ్చును. డెమెన్షియాలో నైతే తనకు లోపమున్నదను ఎరుకయే కొందరిలో నశించును. అట్టివారు దాచుచున్నవారు కారు, నిజముగనే ఎరుగనివారు.

కావున విన్నదానికంటె చూచినదానిని నమ్మవలయును. సంక్రాంతికి వచ్చి రెండు పూటలుండి పోవువారికి అసలు స్థితి తెలియదు. బిడ్డలు వచ్చిన సంబరమున పెద్దలు ఉన్న శక్తినంతయు కూడగట్టుకొందురు. పండుగ కాని దినములలో నాలుగు రోజులు నిలిచి గమనింపుడు: మాత్రల అట్టలలో ఉండవలసినవాటికంటె ఎక్కువ మిగిలినవా, తక్కువ మిగిలినవా? ఫ్రిజ్జులో పాచిపోయిన కూరలున్నవా? గిన్నెలు తరచుగా మాడుచున్నవా? ఎన్నడును మాసిన బట్ట కట్టని మనిషి అదే చీర మూడు నాళ్లు కట్టుచున్నదా? తెరువని ఉత్తరములు, కట్టని కరెంటు బిల్లులు పేరుకొన్నవా? పనిమనిషిని, పాలు పోయువానిని, మందుల దుకాణదారుని, ఎదురింటివారిని మర్యాదగా కుశలప్రశ్న వేసినచో, బిడ్డలకు దెలియని సంగతులెన్నియో వారికి దెలిసియుండును.

అపోహ 3: "తన స్నానం తాను చేసి, తన అన్నం తాను తింటున్నంతకాలం ఏ సాయమూ అక్కరలేదు."

వాస్తవము: ఈ అపోహయే అన్నిటికంటె ఎక్కువ కాలమును వృథా చేయునది. అమెరికాలో 1963లో కాట్జ్ అను వైద్యుడు, ఆయన సహచరులు వృద్ధుల స్వయంశక్తిని కొలుచుటకు స్నానము, వస్త్రధారణ, కాలకృత్యములు, లేచి కదలుట, మలమూత్రముల పట్టు, భోజనము అను ఆరు పనులను నిర్ణయించిరి. 1969లో లాటన్, బ్రోడీ అను ఇరువురు పరిశోధకులు వేరొక పట్టికను సిద్ధపరచిరి: ఫోను వాడుట, సరుకులు తెచ్చుట, వంట, ఇంటి పనులు, బట్టలుదుకుట, ప్రయాణము, మందులు వేసికొనుట, డబ్బు వ్యవహారము. రెండవ పట్టికలోని పనులకు ఆలోచన, జ్ఞాపకము, క్రమము – మూడును కలిసి రావలయును. అందువలన సాధారణముగా ముందు సడలునవి అవియే, మొదటి పట్టికలోనివి తుదకు సడలును. తినుచున్నారు, తిరుగుచున్నారు గదా యని నిశ్చింతగా నుండువారు చివరి మెట్టు కొరకు నిరీక్షించుచున్నారన్నమాట. ఒకే బిల్లును రెండుమార్లు చెల్లించుట, నవంబరులో పింఛను కొరకు ఈయవలసిన జీవిత ధ్రువపత్రమును ఎన్నడును లేనిది ఈయేడు మరచుట, తెలియనివారు ఫోను చేసి అడుగగనే బ్యాంకు రహస్య సంఖ్యను చెప్పివేయుట – ఇవి తొలి మెట్లలోనివి.

ఇచ్చట ఒక జాగరూకత వలయును. జన్మమెత్తి పొయ్యి ముట్టించి యెరుగని మామగారికి వంట రాకపోవుట లక్షణము కాదు. ముప్పదియేండ్లు పద్దులు వ్రాసిన ఆయన కూడికలో తడబడుట లక్షణము. అట్లే, "నాన్న పోయిన దిగులుతో అమ్మకు ఒక్కసారిగా మతి తప్పింది" అను మాట ఎన్నో యిండ్లలో వినబడును. దుఃఖము మనస్సును కుంగదీయుట నిజమే. కాని కొన్ని తావుల జరిగినది వేరు: ఆమెకు మాత్రలు అందించినది, లెక్కలు చూచినది, మరచిన మాటను ప్రక్కనుండి పూరించినది ఆయనయే, ఇన్నాళ్లు ఒకరి లోపమును ఒకరు కప్పుకొనుచు సాగిన సంసారమున ఒకరు తొలగగనే రెండవవారి లోపము బయల్పడినది. కనుక దంపతులలో ఒకరు ఆసుపత్రి పాలైనను, గతించినను, మిగిలినవారిని ఆ నెలలలో ప్రత్యేకముగా కనిపెట్టియుండవలయును.

అపోహ 4: "జారి పడ్డారు, ఎముక విరగలేదు, గండం గడిచింది."

వాస్తవము: వృద్ధుల పతనమును ప్రమాదముగా గాక లక్షణముగా చూడవలయును. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ననుసరించి ఏటా సుమారు 6.84 లక్షలమంది పడిపోవుట వలన మరణించుచున్నారు. వారిలో అధికసంఖ్యాకులు 60 యేండ్లు దాటినవారే. పడుటకు కారణము తడి గచ్చు మాత్రమే కాదు: లేచి నిలుచునప్పుడు రక్తపోటు తగ్గిపోవుట, నిద్రమాత్రలు, కంటి శుక్లములు, తొడల బలము క్షీణించుట – ఏదియైనను కావచ్చును. పడుకొనియున్నప్పటికంటె నిలిచిన పిమ్మట పై రక్తపోటు 20 పాయింట్లు, అంతకు మించి పడిపోయినచో వైద్యునకు తెలుపవలయును. ఇంటిలోనే చేయదగిన పరీక్ష యొకటి కలదు: కుర్చీనుండి లేచి, మూడు మీటర్లు నడచి, వెనుదిరిగి వచ్చి కూర్చుండుటకు 12 సెకనులు, అంతకు పైన పట్టినచో పడిపోవు అపాయము హెచ్చు. పడకమునుపే కనబడు గురుతులును కలవు: గోడ పట్టుకొని నడచుట, మెట్లున్న గుడికి పోవుట మానుట, రాత్రి లేవవలసి వచ్చునని సాయంకాలమునుండి నీరు త్రాగకుండుట. స్నానపు గదిలో పట్టుకొనుటకు కడ్డీ, పాశ్చాత్య పద్ధతి కమోడు, మంచమునుండి దొడ్డి వరకు రాత్రి వెలుగు – వీని వ్యయము తుంటి యెముక శస్త్రచికిత్స వ్యయములో స్వల్పభాగము.

అపోహ 5: "పెద్దవయసులో ఆకలి తగ్గుతుంది, చిక్కిపోతారు."

వాస్తవము: కోరకయే ఆరునెలలనుండి యేడాది లోపల శరీరపు బరువు నూటికి అయిదు వంతులు తగ్గుట – 60 కిలోల మనిషికి 3 కిలోలు – పరీక్షింపదగిన లక్షణము. జారు గాజులు, వదులైన జాకెట్టు, వ్రేలినుండి ఊడు ఉంగరము బరువు తూచు యంత్రము కంటె ముందే ఈ సంగతి చెప్పును. పండ్ల బాధ, మ్రింగుట కష్టమగుట, కుంగుబాటు, షుగరు, కాన్సరు కారణములు కావచ్చును. ఒంటరిగా నున్నవారు తమ యొక్కరి కొరకు వండుకొనలేక మజ్జిగన్నముతో పొద్దుపుచ్చుట యంతకంటె సామాన్యమైన కారణము. షుగరు మాత్ర వేసికొని ఏకాదశి ఉపవాసము చేయువారిలో చక్కెర ప్రమాదకరముగా పడిపోయి, అదియే మతిభ్రమగా కనబడుటయు కలదు.

అపోహ 6: "రాత్రికి రాత్రి ఏదేదో మాట్లాడుతున్నారు; గాలి సోకిందేమో, వయసేమో."

వాస్తవము: నిన్నటి దనుక నిలకడగా నున్న మనిషి గంటలలోనో, రెండు నాళ్లలోనో తికమకపడి, పగలు మగతగాను రాత్రి కలవరముగాను నుండుట డెలీరియం అను అత్యవసర స్థితి. మూత్రనాళపు ఇన్‌ఫెక్షను, న్యుమోనియా, వేసవిలో శరీరమున నీరు తగ్గుట, కొన్ని బీపీ మాత్రల వలన సోడియం పడిపోవుట, క్రొత్తగా ఆరంభించిన మందు – తరచుగా వీనిలో నేదో ఒకటి వెనుక నుండును. వృద్ధులలో ఇన్‌ఫెక్షనుకు జ్వరము రాకపోవుటయు సామాన్యమే. మూతి వంకర పోవుట, చేయి పడిపోవుట, మాట ముద్దయగుట ఉన్నచో అది పక్షవాతము కావచ్చును. ఈ రెంటిలోను తెల్లవారువరకు వేచియుండరాదు; తక్షణమే ఆసుపత్రికి గొనిపోవలయును.

అపోహ 7: "సాయమంటే ఊరు మాన్పించి తెచ్చుకోవాలి, లేదా ఆశ్రమంలో చేర్చాలి."

వాస్తవము: ఈ భయముచేతనే పెద్దలు తమ బలహీనతను దాచుదురు, బిడ్డలు దానిని చూడనట్లుందురు. ఆసరాకు మెట్లెన్నియో కలవు: వారమునకు సరిపడ మాత్రలు అరలుగా అమర్చిన డబ్బా, బిల్లులు స్వయంచాలకముగా బ్యాంకునుండి చెల్లునట్లు ఏర్పాటు, రోజునకు రెండు గంటలు వచ్చు వంటమనిషి, వినికిడి యంత్రము, ఫిజియోథెరపీ, ఉదయమును సాయంకాలమును పలుకరించు ఒక బంధువు. తగిన మెట్టును తగిన కాలమున వేసినచో, తరువాతి మెట్టు అవసరము ఏండ్ల తరబడి వాయిదా పడవచ్చును. అయితే తీగకు పందిరి వేయువాడు తీగకు బదులుగా తాను ప్రాకడు. అట్లే, చేయగలిగిన పనిని సైతము పెద్దల చేతినుండి లాగికొనుట సేవ కాదు. కూరలు తరుగగల తల్లిని తరుగనిండు. పొయ్యి దగ్గర మాత్రము తోడు నిలువుడు.

ఆసరా పేరిట తొందరపడి ఆస్తులు వ్రాయించుకొనుట మరియొక దోషము. తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ సంక్షేమ చట్టము 2007లో వచ్చినది. తమను పోషింపవలయునను షరతుతో చేసిన ఆస్తి బదిలీని, పుచ్చుకొన్నవారు ఆ షరతు తప్పినచో, చెల్లనిదిగా ప్రకటింపజేసికొను హక్కును అది పెద్దల కొసగినది. ఆ షరతు దస్తావేజులో స్పష్టముగా నుండుట మేలు. వీలునామా, నామినీ మొదలగు నిర్ణయములు మతి నిర్మలముగా నున్న దినములలోనే, వారి యిష్టము చొప్పున జరుగుట ఉభయులకును క్షేమము.

అపోహ 8: "మన పెద్దల్ని మనమే చూసుకోవాలి, బయటివారి సాయం పరువు తక్కువ."

వాస్తవము: "మనమే" అనునప్పుడు అనేక గృహములలో ఆ భారము వహించునది ఒక్క కోడలో, ఒక్క కూతురో. ఆమె నిద్ర చెడి, ఆరోగ్యము చెడి, ఓర్పు సన్నగిల్లినచో అదియును ఇంటి పెద్దకు మరింత ఆసరా కావలయునను సంకేతమే. అది ఆమె దోషము కాదు. ప్రభుత్వమువారి 14567 అను వయోవృద్ధుల సహాయవాణికి ఫోను చేయుటలోగాని, 2024 అక్టోబరునుండి ఆదాయముతో నిమిత్తము లేకుండ 70 యేండ్లు, ఆపైబడినవారికి ఏటా 5 లక్షల రూపాయల వరకు చికిత్స కల్పించుచున్న ఆయుష్మాన్ భారత్ పథకమున పేరు నమోదు చేయించుటలోగాని పరువునకు భంగమేమియు లేదు.

లక్షణములు కనబడిన పిమ్మట చేయవలసినదానికి ఒక క్రమము కలదు. మొదట చూచినవానిని తేదీలతో వ్రాసికొనుడు. "అమ్మ మారిపోయింది" అను మాటకంటె "ఈ నెలలో మూడుసార్లు గ్యాసు కట్టివేయుట మరచినది" అను మాట వైద్యునకు ఉపయోగము. పిదప పెద్దవారితోనే, ఏకాంతమున, నలుగురు అన్నదమ్ములును చుట్టుముట్టి తీర్పు చెప్పినట్లు గాక, ఒక్కరు శాంతముగా మాటలాడుడు, "నీవల్ల కావడం లేదు" అనక, "ఏ పని నీకు ఎక్కువ శ్రమగా ఉంటున్నది?" అని యడుగుడు. వారు వేసికొను మందులన్నిటిని – ఆయుర్వేదము, హోమియోపతితో సహా – ఒక సంచిలో వేసికొని వైద్యుని చూడుడు. కంటిచూపు, వినికిడి, పండ్లు, రక్తపరీక్షలు చూపింపుడు. చిన్న ఏర్పాటుతో ఆరంభించి, మూడు నెలలకొకసారి అది చాలుచున్నదో లేదో సరిచూచుకొనుడు.

గుర్తించుట వలన పెద్దల గౌరవము తరుగునని శంకింప నక్కరలేదు. గుర్తింపక జాగు చేసినయెడల, తుంటి విరిగిన రాత్రియో, దారి తప్పిన సాయంకాలమో నిర్ణయములన్నియు వారిని అడుగకయే జరిగిపోవును. ముందుగా గుర్తించినయెడల ఎక్కడ నుండవలయునో, ఎవరి సాయము పొందవలయునో, ఏది తామే చేసికొనవలయునో నిర్ణయించు అధికారము వారి చేతనే నిలుచును. ఆ యధికారమును వారికి నిలుపుటయే బిడ్డలు చేయదగిన సేవలలో మొదటిది.