రోడ్డు మీద ఆపి ఫొటో తీస్తే? నిఘాపై హైదరాబాద్ పౌరుల పోరాటం

ఆదివారం అబిడ్స్‌లో పాత పుస్తకాలు బేరమాడేవాళ్లు, జగదీశ్ మార్కెట్‌లో ఫోన్ డిస్‌ప్లే మార్పించుకునే కుర్రాళ్లు, గురువారం సాయంత్రం నాంపల్లి యూసుఫైన్ దర్గాలో ఫాతెహా చదివి పిల్లలతో బస్సు కోసం నిలబడే కుటుంబాలు. వీళ్లెవరి మీదా కేసు లేదు. అయినా ఈ కొద్దిపాటి దారిలో వాళ్ల మొహం ఎన్ని కెమెరాల్లో పడుతుందో వాళ్లకు లెక్క తెలియదు. ఆ బొమ్మను ఎవరు చూస్తారు, ఎన్నాళ్లు దాచిపెడతారు, ఏ జాబితాతో పోల్చి చూస్తారు అన్నది అంతకన్నా తెలియదు.

ఈ ప్రశ్నలను కోర్టు దాకా తీసుకెళ్లింది హైదరాబాద్‌కే చెందిన సామాజిక కార్యకర్త ఎస్.క్యూ. మసూద్. 2021 మే నెలలో లాక్‌డౌన్ నడుస్తోంది. పాతబస్తీలోని షహ్రాన్ మార్కెట్ దగ్గర పోలీసులు ఆయనను ఆపి, మాస్కు తీయమన్నారు. ఎందుకని అడిగి ఆయన తీయలేదు. అయినా పోలీసులు ట్యాబ్‌తో ఫొటో తీసుకున్నారని ఆయన ఫిర్యాదు. కరోనా రోజుల్లో నడిరోడ్డు మీద మాస్కు తీయమనడమే విడ్డూరం. ఆయన్ని కలవరపెట్టింది మాత్రం ఆ ఫొటో ఎక్కడికి పోయిందన్న సంగతి. ఆ నెలాఖరులో నగర పోలీసు కమిషనర్‌కు లీగల్ నోటీసు పంపారు. ఏ చట్టం కింద ఫొటో తీశారు, ఎందుకు తీశారు, దాన్ని తొలగిస్తారా అని అడిగారు. జవాబు రాలేదు.

దాంతో ఇంటర్నెట్ ఫ్రీడమ్ ఫౌండేషన్ తోడ్పాటుతో తెలంగాణ హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం వేశారు. ముఖాన్ని గుర్తించే సాంకేతికతను పోలీసులు వాడడాన్ని సవాలు చేస్తూ దేశంలో దాఖలైన మొదటి కేసుగా దీన్ని చెబుతారు. 2022 జనవరి 3న ప్రధాన న్యాయమూర్తి సతీశ్‌చంద్ర శర్మ, న్యాయమూర్తి అభినంద్ కుమార్ షావిలి ధర్మాసనం ప్రభుత్వానికి నోటీసు జారీ చేసింది. పోలీసు ఉన్నతాధికారుల వాదన ఒక్కటే: ఇది నేరస్థుల మీద, అనుమానితుల మీద కన్నేసి ఉంచడానికే తప్ప ఎవరి గోప్యతలోనూ తలదూర్చడానికి కాదు.

మామూలు కెమెరాకీ దీనికీ తేడా ఏమిటి?

కెమెరాలంటే అందరికీ వ్యతిరేకత లేదు. అబిడ్స్ దుకాణదారుణ్ణి అడిగితే ఇంకో రెండు పెట్టమంటాడు. మెడలో గొలుసు పోగొట్టుకున్న ఆడమనిషీ అదే అంటుంది. వాళ్లది తప్పు కాదు. ఉమ్మడి రాష్ట్రంలో 2013లో వచ్చిన ప్రజా భద్రత చట్టం ప్రకారం, ఒకేసారి వంద మంది పోగయ్యే దుకాణాలు, ఆస్పత్రులు, ప్రార్థనా స్థలాల వంటి చోట్ల కెమెరాలు ఉండాలి. ఫుటేజీని 30 రోజులు దాచాలి. ఇంతవరకు ఒక లెక్క. దొంగతనం జరిగితే ఆ రోజు, ఆ గంట రికార్డు తీసి చూస్తారు.

ముఖ గుర్తింపు అలా కాదు. అందులో కంప్యూటర్ మొహాన్ని కొలుస్తుంది. కళ్ల మధ్య ఎంత దూరం, ముక్కు ఎలా ఉంది, దవడ వంపు ఏమిటి అని చూసి, అన్నిటినీ అంకెలుగా మార్చి, ముందే దాచిన లక్షల మొహాల అంకెలతో పోలుస్తుంది. అది ఎప్పుడూ ‘ఇతనే’ అని చెప్పదు. ‘ఇంత శాతం పోలిక ఉంది’ అని మాత్రమే చెబుతుంది. ఎంత శాతం ఉంటే నమ్మాలన్నది మనుషులు పెట్టుకునే గీత. ఢిల్లీ పోలీసులు సమాచార హక్కు కింద ఇచ్చిన జవాబులో తమ గీత 80 శాతమని చెప్పారు. తెలంగాణ పోలీసులు 2018లోనే తమ టీఎస్‌కాప్ యాప్‌లో ఈ సదుపాయం చేర్చుకున్నారు. అంటే ఆ పోలిక పట్టే పనిముట్టు రోడ్డు మీద నిలబడ్డ కానిస్టేబుల్ చేతిలోనే ఉంది.

ఒక చిన్న లెక్క వేసి చూడొచ్చు. నుమాయిష్ రోజుల్లో నాంపల్లి గేటు దాటి ఒక సాయంత్రం 50,000 మంది లోపలికి వెళ్లారనుకుందాం. యంత్రం వెయ్యికి ఒక్కసారే పొరబడుతుందనుకుందాం. అది చాలా మంచి యంత్రం కిందే లెక్క. అయినా ఆ ఒక్క సాయంత్రం 50 మంది అమాయకులు ఎవరో దొంగలా కనిపిస్తారు. ఆ యాభై మందిలో ఇంటి పెద్ద ఉండొచ్చు, కాలేజీ పిల్లవాడు ఉండొచ్చు. ‘తప్పు చేయనోడికి భయమెందుకు’ అనేవాళ్లు ఈ యాభై మందిని లెక్కలోకి తీసుకోరు.

దీనికి తోడు, కెమెరాలు అన్ని బస్తీల్లో ఒకేలా లేవు. 2021 నవంబరులో ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్, ఇంటర్నెట్ ఫ్రీడమ్ ఫౌండేషన్‌తో కలిసి హైదరాబాద్‌లో ‘బ్యాన్ ద స్కాన్’ ప్రచారం చేపట్టింది. వలంటీర్లు కాలాపత్తర్, కిషన్‌బాగ్ ప్రాంతాల్లో కెమెరాలను లెక్కబెట్టారు. కాలాపత్తర్‌లో 53.7 శాతం, కిషన్‌బాగ్‌లో 62.7 శాతం ప్రాంతం కెమెరాల చూపు కిందే ఉందని తేలింది. ఆ రెండు మొహల్లాలూ ఎవరివో ఈ పాఠకులకు చెప్పనక్కరలేదు.

ఫోన్ సంగతి

మొహం తర్వాత ఫోన్. 2021 అక్టోబరులో నగరంలో పోలీసులు బండ్లు ఆపి, యువకుల ఫోన్లు తీసుకుని, వాట్సాప్‌లో ‘గంజాయి’ అనే మాట వెతికిస్తున్న వీడియో ఊరంతా తిరిగింది. హైదరాబాద్‌కు చెందిన పరిశోధకుడు శ్రీనివాస్ కొడాలి దీనిపై కమిషనర్‌కు లీగల్ నోటీసు పంపారు. రోడ్డు మీద పోయేవాడి చాట్ చదివే అధికారం ఏ చట్టం ఇచ్చిందన్నది ఆయన ప్రశ్న. ఇంట్లో అమ్మ పంపిన వాయిస్ మెసేజ్, పెళ్లి సంబంధం కోసం వచ్చిన అమ్మాయి ఫొటో, డాక్టర్ చీటీ, అన్నీ ఆ ఫోన్‌లోనే ఉంటాయి. బీరువా తాళం ఇవ్వమంటే వారంట్ అడిగే మనిషి, ఫోన్ అడిగితే భయంతో ఇచ్చేస్తున్నాడు.

ఇక దొంగచాటుగా వినడం పాత జబ్బే. టెలిగ్రాఫ్ చట్టం 1885 నాటిది, తెల్లదొరల కాలంది. ఫోన్ ట్యాపింగ్‌కు హోం కార్యదర్శి స్థాయి అధికారి రాతపూర్వక ఉత్తర్వు కావాలని, దాన్ని సమీక్షించే కమిటీ ఉండాలని సుప్రీంకోర్టు 1996లో పీయూసీఎల్ కేసులో చెప్పింది. ఇంటర్నెట్ వచ్చాక ఐటీ చట్టం 69వ సెక్షన్ తోడైంది. 2018 డిసెంబరు 20న కేంద్రం దాని కింద పది సంస్థలకు కంప్యూటర్లలోని సమాచారాన్ని చూసే అధికారం ఇచ్చింది. ఆ ఉత్తర్వు మీదా పౌర సంస్థలు సుప్రీంకోర్టుకు వెళ్లాయి.

ఇదంతా ఢిల్లీ గొడవ అనుకునేవాళ్లకు 2024 మార్చిలో పంజాగుట్ట పోలీస్ స్టేషన్‌లో నమోదైన కేసు కళ్లు తెరిపించింది. రాష్ట్ర ఇంటెలిజెన్స్‌లోని ఒక విభాగం ప్రతిపక్ష నాయకుల వంటివాళ్ల ఫోన్లు విన్నదని, ఎన్నికల ఫలితాల తర్వాత హార్డ్ డిస్కులు ధ్వంసమయ్యాయని ఆరోపణ. నిందితులు కాదంటున్నారు. ఛార్జిషీటు చేరింది మాత్రం ఎక్కడికో కాదు, నాంపల్లి కోర్టుకే. నాయకుల ఫోన్లకే ఆ గతి అని ఆరోపణ వస్తే, బస్తీలో ఉండేవాడి ఫోన్‌కు ఏ కాపలా ఉందన్నది న్యాయమైన ప్రశ్న.

పౌరులు అడిగితే ఏమైనా కదులుతుందా? కదిలిన సందర్భాలున్నాయి. 2015లో అందరికీ ఒకే ఇంటర్నెట్ ఉండాలంటూ పది లక్షలకు పైగా ఈమెయిళ్లు ట్రాయ్‌కు వెళ్లాయి. 2016 ఫిబ్రవరి 8న ట్రాయ్, కొన్ని సైట్లకు ఒక ధర, మిగతావాటికి ఇంకో ధర పెట్టడాన్ని నిషేధించింది. ఆ ప్రచారంలో పనిచేసినవాళ్లే ఇంటర్నెట్ ఫ్రీడమ్ ఫౌండేషన్ పెట్టారు. 2015 మార్చి 24న శ్రేయా సింఘల్ కేసులో సుప్రీంకోర్టు 66ఏ సెక్షన్ కొట్టేసింది. ఫేస్‌బుక్ రాతకు జైల్లో పెట్టే సెక్షన్ అది. 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది న్యాయమూర్తులు గోప్యత ప్రాథమిక హక్కని తేల్చారు. ప్రభుత్వం అందులో జోక్యం చేసుకోవాలంటే చట్టం ఉండాలి, సరైన అవసరం ఉండాలి, అవసరానికి మించకూడదు. మసూద్ కేసుకు పునాది ఇదే.

చట్టం ఉందా అన్న దగ్గరే చిక్కు. 2022 ఆగస్టు 4న బంజారాహిల్స్‌లో పోలీసుల కమాండ్ కంట్రోల్ సెంటర్ ప్రారంభమైంది. నగరంలోని కెమెరాలను ఒకచోట నుంచి చూసే కేంద్రం అది. సరిగ్గా అదే రోజు కేంద్రం తెచ్చిన క్రిమినల్ ప్రొసీజర్ (ఐడెంటిఫికేషన్) చట్టం అమల్లోకి వచ్చింది. అరెస్టయినవాళ్ల, శిక్ష పడినవాళ్ల ఫొటో, వేలిముద్ర, కనుపాప తీసి 75 ఏళ్లు దాచుకోవచ్చని అది చెబుతుంది. అంత కఠినమైన చట్టం కూడా పాలు కొనుక్కొని ఇంటికి పోయే మనిషిని ఆపి ఫొటో తీయమనదు.

అడగడానికి దారి దగ్గర్లోనే ఉంది. సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల ఫీజుతో కమిషనర్ కార్యాలయంలోని సమాచార అధికారికి దరఖాస్తు ఇవ్వొచ్చు. తెలుగులో రాయొచ్చు. ఉర్దూ రాష్ట్రంలో రెండో అధికార భాష కాబట్టి ఉర్దూలోనూ రాయొచ్చు. 30 రోజుల్లో జవాబు రావాలి, రాకపోతే ఆ కార్యాలయంలోనే పై అధికారికి అప్పీలు. రెండో అప్పీలు వినే సమాచార కమిషన్‌ది మొజంజాహీ మార్కెట్ దగ్గరి చిరునామా. అబిడ్స్ నుంచి నడిచి వెళ్లేంత దూరం. 2023 ఫిబ్రవరి నుంచి రెండేళ్లకు పైగా అక్కడ ఒక్క కమిషనర్ కూడా లేడు. 2025 మేలో గానీ నియామకాలు జరగలేదు. ఆ వెలితిలో ఆగిపోయిన అప్పీళ్లలో నిఘా గురించి అడిగినవీ ఉంటే ఆశ్చర్యం లేదు.

కొత్త డేటా రక్షణ చట్టం వల్ల ఒకరి వ్యక్తిగత వివరం ఇవ్వబోమని అధికారులు చెప్పడం తేలికవుతుంది. అందుకే ప్రశ్న ఎవరి పేరుతోనూ ముడిపడకుండా ఉండడం మేలు. తమ స్టేషన్ పరిధిలో ఎన్ని కెమెరాలున్నాయి, ఎన్నిటికి ముఖ గుర్తింపు ఉంది, రోడ్డు మీద ఫొటో తీయమన్న ఉత్తర్వు నకలు, తీసిన ఫొటోను ఎన్ని రోజులకు తొలగిస్తారు, ఎంత శాతం పోలికను సరిపోయిందంటారు. ఈ అయిదూ ఒక్క తెల్లకాగితం మీద పడతాయి. దరఖాస్తు నేరుగా ఇస్తే రసీదు తీసుకోవాలి, పోస్టులో అయితే అబిడ్స్ జీపీవో నుంచి స్పీడ్ పోస్టులో పంపి ఆ చీటీ దాచుకోవాలి. అప్పీలుకు అది కావాలి.