అల్లపు తెగులు: మందునకు ముందు పరీక్ష

కోహీరు ప్రాంతపు ఎఱ్ఱనేలలలో అల్లము వేయు రైతులు ఆకు పసుపువాఱినంతనే ఏ మందు చల్లవలెనని అడుగుచుందురు. తెగులేదో తెలియక మందు చెప్పుట యెట్లు? విత్తనపు ఖర్చే పెద్దదైన పంట యిది.

మొదట మడిలో నీరు నిలిచినదేమో చూడవలెను. పిమ్మట పిలకను లాగి చూడుడు. మొదలు మెత్తబడి సులభముగా ఊడివచ్చి, దుంప కుళ్లి దుర్వాసన కొట్టినచో అది సాధారణముగా పిథియము వలని దుంపకుళ్లు. ఆకుల అంచులు చుట్టుకొని మొక్క వాడినచో, కాండమును కోసి, కొన మునుగునట్లు గాజు గ్లాసులోని తేటనీటిలో కొంతసేపు నిలుపుడు. పాలవంటి ధార దిగినచో అది బాక్టీరియా వలని వాడుతెగులు. దీనికి శిలీంధ్రనాశినులు పనిచేయవు. ఖర్చు మాత్రము మిగులును. అట్టి మొక్కలను దుంపతో త్రవ్వివేసి, ఆ మడి నీరు పక్క మడికి పాఱనీయరాదు. ఆ చేని దుంపను విత్తనమునకు ఉంచరాదు.

ఉత్తరదేశమున వరికి వచ్చెడి ఖైరా తెగులు జింకు లోపమే యని 1966లో పంత్‌నగరున డాక్టరు వై. ఎల్. నెనే గారు కనుగొనిరి. తరువాత ఆయన మన పటాన్‌చెరువు ఇక్రిశాట్‌లో పనిచేసిరి. ఖైరాకు జింకు సల్ఫేటే మందైనది.

సంఘమునకు వచ్చు రైతులు మందు పేరు గాక, వేళ్లు దుంపతో పెఱికిన మొక్కను తేవలెను.