మెట్ల నడుమ చెక్క: ఎలక్ట్రిక్ గిటారు కొన్నవారికి కొన్ని మాటలు

మా యింట ఒక ఎలక్ట్రిక్ గిటారు కలదు. పెద్ద కర్మాగారమున వేలకొలదిగా తయారైనది కాదు. ఇచ్చటికి రైలులో ఒక రాత్రి ప్రయాణముగల నగరమున, ఇద్దఱు సహాయకులతో ఏటికి కొద్దిపాటి వాద్యములను మాత్రమే చేయు ఒక పనివాని చేతిలో పుట్టినది. మా అబ్బాయి మూడేండ్లు అడుగగా అడుగగా కొనియిచ్చితిని. ఆ సొమ్ముతో ఇంటికి ఎన్ని పనులు జరిగియుండెడివో మా యింటివారు నేటికిని లెక్క చెప్పుచుందురు. కొన్న రెండవ యేట నా తొందరపాటు వలన ఆ వాద్యము మూలబడినది. మన పాఠశాల పిల్లలలో కొందఱు ఈ వాద్యమునందు మక్కువ చూపుచున్నారని తెలిసి, తోటి తల్లిదండ్రులకు అక్కఱకు వచ్చునను తలంపుతో ఆ సంగతి వ్రాయుచున్నాను.

ముందుగా ఈ వాద్యము పలుకు తీరు తెలియవలెను. వీణకు కుండ, వయొలిన్‌నకు బోలు పెట్టె ఉన్నవి. తంతి కదలిక అందలి గాలిని కదలించి నాదమగును. మేము కొన్న గిటారు వంటి వానికి బోలు లేదు, శరీరమంతయు గట్టిచెక్క. తంతుల క్రింద పికప్పు అను చిన్న పరికరముండును. అయస్కాంతముల చుట్టును, తలవెండ్రుక వంటి యెనామెల్ రాగితీగను ఏడెనిమిది వేల చుట్లు చుట్టినదే పికప్పు. ఉక్కుతంతి దానిపై కంపించినపుడు అయస్కాంత క్షేత్రము చలించి, తీగలో అత్యల్పమైన విద్యుత్తు పుట్టును. దానిని ఆంప్లిఫయరు పెంచి స్పీకరునకు పంపును. కోయంబత్తూరు సీమవారికి ఇది క్రొత్తవిద్య కాదు. జి.డి. నాయుడుగారును డి. బాలసుందరం నాయుడుగారును 1937లో విద్యుత్ మోటారును తయారుచేసినది ఇచ్చటనే. బావి మోటారు కాలిన దినమున దానిని వైండింగు కొట్టునకు మోసికొని పోవనివారు మనలో అరుదు. మోటారులో విద్యుత్తు కదలికను పుట్టించును. పికప్పులో కదలిక విద్యుత్తును పుట్టించును. తీగచుట్ట అదియే.

అందుచేతనే నైలాను తంతి ఈ పికప్పునకు వినబడదు. అందుచేతనే ప్రక్కయింటి మోటారు, ట్యూబులైటు రొద మాత్రము దానికి చక్కగా వినబడును! ఈ గుయ్యిమను రొదను పోగొట్టుటకై 1955లో గిబ్సన్ సంస్థలోని సేత్ లవర్ అను ఇంజనీరు రెండు చుట్టల పికప్పును రూపొందించెను. రెండు చుట్టలును, వాని అయస్కాంతములును ఒకదానికొకటి ఎదురుగా ఉండుటచే, బయటి రొద ఒకదానినొకటి రద్దుచేసికొనును. తంతి నాదము మాత్రము కలియును. మగ్గములు, మోటార్లు నడచు మన వంటి ఊళ్లలో ఒంటిచుట్ట కంటె ఇదియే మేలని నా అభిప్రాయము. కాని ఒంటిచుట్టలోని తేటదనము దీనిలో కొంత తగ్గునని మా అబ్బాయి వాదించును.

ఇక నా తప్పు. మా అమ్మాయి వీణ నేర్చుచున్నది. అది తంతిని ప్రక్కకు లాగి ఒకే మెట్టుపై రెండు మూడు స్వరములు పలికించుట చూచి, తమ్ముడు గిటారుపై అట్టి గమకమును సాధింపబోయెను. వీణమెట్లు మైనముపై ఎత్తుగా నిలిచియుండును గనుక వ్రేలికి క్రింద అడ్డులేదు. గిటారు మెట్లు పొట్టివి. తంతి నొక్కిన వ్రేలు చెక్కకు తగులును. మెట్ల నడుమ చెక్కను దోనెవలె తొలిపించిన గమకము సుళువగునని ఎవరో చెప్పిరి. జాన్ మెక్‌లాఫ్లిన్ 1970 దశకమున శక్తి బృందములో వాయించిన గిటారు అట్టిదే. అయితే దానిని ఏబ్రహాం వెక్టర్ అను వాద్యశిల్పి ఆ పనికొఱకే మొదటినుండి తలపెట్టి చేసెను. ఈ చిన్న సంగతిని నేను పట్టించుకొనలేదు. తలుపులు, కిటికీలు చక్కగా చేయు ఒక వడ్రంగికి గిటారు నప్పగించితిని. అతనిని నిందింపరాదు, చెప్పినది చేసెను. కాని లోతు మించినది. దండిలో తంతుల లాగుడునకు ఎదురునిలుచుటకై ఒక ఉక్కుకడ్డీ ఉండును. దానిపై చెక్క పలుచనై దండి వంగినది. వ్రేలు కొంచెము గట్టిగా నొక్కినను తంతి క్రిందికి దిగి, ప్రతిస్వరమును అపస్వరమాయెను. మా అబ్బాయి ఏమియు అనలేదు. గిటారును సంచిలో పెట్టి బీరువామీదికి ఎక్కించెను. వాడు కోపపడియున్న నాకు తేలికగా ఉండెడిది.

మాండొలిన్ శ్రీనివాస్ చరిత్రను నేను తరువాత శ్రద్ధగా చదివితిని. 1969లో పాలకొల్లున పుట్టిన ఆయన పాశ్చాత్య వాద్యమైన మాండొలిన్‌ను కర్ణాటక సంగీతమునకు లొంగదీసెను. దానికి సాధారణముగా నాలుగు జతలుగా ఎనిమిది తంతులుండును. జతతంతులను కలిపి ఒకే కొలతకు లాగుట కష్టము. పైగా మాండొలిన్ నాదము వెంటనే ఆరిపోవును గనుక గమకము చివరవఱకు వినబడదు. ఆయన ఎలక్ట్రిక్ మాండొలిన్ చేపట్టి, జతలను తొలగించి అయిదు ఒంటితంతులు పెట్టుకొనెను. ఒంటితంతి లాగిన కొలది లొంగును, విద్యుత్తు నాదమును నిలుపును, అయిదవ తంతి స్థాయిని విస్తరింపజేయును. ప్రతి మార్పునకును సంగీతము అడిగిన కారణము కలదు. గురువు రుద్రరాజు సుబ్బరాజుగారికి మాండొలిన్ వాయించుట రాదు. ఆయన పాడగా శిష్యుడు వాద్యముపై పట్టుకొనెడివాడట. గొంతులోని గమకము ముందు, తంతుల మార్పు తరువాత. మేము తలక్రిందులుగా నడచితిమి.

మన వీణశిల్పుల పద్ధతియు గమనింపదగినదే. బొబ్బిలి చేరువ గొల్లపల్లిలో సర్వసిద్ధి వంశీయులు పనసదుంగను తొలిచి వీణలు చేయుదురు. కుండయు దండియు ఒకే మ్రానున మలచిన దానిని ఏకాండి వీణ అందురు. ఇరువదినాలుగు మెట్లను మాత్రము మైనముపై అమర్చుదురు. మైనము పాతబడినపుడు దానిని తీసి, మేళమును క్రొత్తగా కట్టించుకొనవచ్చును. మార్చవలసినదేదో, మార్చరానిదేదో శిల్పియే ముందుగా వేఱుచేసి యుంచెనన్నమాట.

గిటారునందు ఆ పని చేసినవాడు లియో ఫెండర్. కాలిఫోర్నియాలో రేడియోలు మరమ్మత్తు చేసెడివాడు. ఆయనకు గిటారు వాయించుట రాదు. 1950లో వెలువడి, మఱుసటి యేడు టెలికాస్టర్ అను పేరు పొందిన గిటారునందు ఆయన దండిని జిగురుతో అతికింపక నాలుగు మరలతో బిగించెను. చెడినచో విప్పి వేఱొకటి బిగించుటయే. 1952లో గిబ్సన్ వారు తెచ్చిన లెస్ పాల్ గిటారు దండి జిగురుతో అతికినది. దానిని ఊడదీయుట నిపుణుని పని.

మా గిటారునకు దైవవశమున నాలుగు మరలున్నవి. సెలవులలో దానిని తయారుచేసినవాని యొద్దకు కొనిపోతిమి. ఆయన దండిని వెలుతురునకు ఎత్తి చూచి చాలసేపు మాటాడలేదు. ముందుగా ఒక ఉత్తరము వ్రాసియుండిన సన్నని తంతులు వేసి, మెట్లు ఎత్తైనవి దిగవేసి యిచ్చియుందునని మాత్రమనెను. ఎత్తుమెట్లపై వ్రేలు చెక్కకు తగులదట. తొలువకయే మేము కోరినది సిద్ధించియుండెడిది. క్రొత్త దండికి ఆఱు వారములు పట్టినది.

అప్పుడు ఆయనవలన తెలిసికొన్నవి కొన్ని. అన్నిటికంటె సన్నని తంతి పదియవ నంబరైన, అంగుళములో నూఱవవంతు మందము. తొమ్మిదవ నంబరునకు మారిన లాగుడు తగ్గును, గమకము సులభమగును. తంతులు మార్చినపుడు ఉక్కుకడ్డీ మరను సరిచూడవలెను. త్రిప్పవలసివచ్చిన పావుచుట్టు త్రిప్పి, ఒక దినమాగి మరల చూడవలెను. పికప్పు మార్చవచ్చును, అయితే ధ్వనిని తగ్గించు మీటయు దానికి తగినదై యుండవలెను: ఒంటిచుట్టకు 250, జంటచుట్టకు 500 కిలోఓముల మీట వాడుక. తీసిన ప్రతి భాగమును, పాతమరతో సహా, పేరు వ్రాసి డబ్బాలో దాచవలెను.

ఒక్క విషయమున మాత్రము నేను పిల్లవాని మాట వినను. గిటారు తంతులు ఒక తీగ ద్వారా ఆంప్లిఫయరు ఎర్తునకు కలిసియుండును. ఎర్తు లేని ప్లగ్గున పెట్టిన ఆంప్లిఫయరులో లోపము వచ్చిన, ఆ తంతులే కరెంటు తీగలగును. 1972లో బ్రిటన్‌లోని స్వాన్సీ నగరమున లెస్లీ హార్వే అను గిటారు వాదకుడు ఎర్తు సరిగా లేని మైకును తాకి వేదికపైననే మరణించెను. మూడవ కాలు విఱిచిన ప్లగ్గును ఇంటిలో నుంచకుడు. ఎలక్ట్రీషియనును పిలిచి ఎర్తును పరీక్షింపజేసిన పిమ్మటనే మీ పిల్లవాని చేతికి వాద్యమునిండు.

పాత దండిని మా అబ్బాయి పాఱవేయనీయలేదు. తన గదిలో గోడకు తగిలించియున్నాడు. గత వారమున తొమ్మిదవ నంబరు తంతులు తెప్పించుకొని, పాతవానిని చుట్టి డబ్బాలో పెట్టి, సాయంకాలమంతయు అక్క వీణకు శ్రుతి కలుపుచు కూర్చుండెను.