ఖజానా జట్టుది, చిట్టా ఎవరిది?
ఆన్‌లైన్ వ్యూహ క్రీడల్లో పన్నులు, పద్దులు: అపోహలు – వాస్తవాలు

మల్కాజ్‌గిరిలో చిన్న దుకాణాలకు లెక్కలు రాసిపెట్టడం నా పని. జూలై వచ్చిందంటే రిటర్నుల హడావిడితో తల ఎత్తే వీలుండదు. అలాంటి ఒక సాయంత్రం తార్నాకలో చాయ్ తాగుతుంటే ఉస్మానియా హాస్టల్ కుర్రాళ్లు ఐదుగురు పక్క బల్ల దగ్గర కీచులాడుకుంటున్నారు. మధ్యలో ఒక పొడవాటి లెక్కల పుస్తకం ఉంది. ఐదుగురూ ఒకే జట్టు. ఆడేది ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2. నా పనేమిటో తెలియగానే పుస్తకం నా వైపు తిప్పి, "సార్, వీడు మా వుడ్ మింగిండు. మీరే తీర్పు చెప్పాలె" అన్నాడొకడు. ఆ గంటలో విన్న మాటలూ, ఏటా జూలైలో వినే మాటలూ కలిపితే ఈ జాబితా అయింది.

అపోహ: పంపినదానికీ చేరినదానికీ లెక్క కలవలేదంటే మధ్యలో ఎవరో మింగినట్టే.

వాస్తవం: ఎవరూ మింగలేదు, ఆటే కోసుకుంది. ఈ ఆటలో తోటివాడికి సరుకు పంపాలంటే ముందు మార్కెట్ కట్టాలి. పంపినదాని మీద 30 శాతం రుసుము పడుతుంది. మిత్రుడికి 1,000 కలప చేరాలంటే పంపినవాడి దగ్గర 1,300 తగ్గుతుంది. 'కాయినేజ్' పరిశోధన చేయిస్తే రుసుము 20 శాతానికి దిగుతుంది, 'బ్యాంకింగ్' కూడా చేయిస్తే అసలే ఉండదు. కాబట్టి పంపినవాడు చెప్పిన 1,300, అందుకున్నవాడు చెప్పిన 1,000 రెండూ నిజమే. ఆ రెండు గడుల పక్కన 'రుసుము' అని మూడో గడి లేకపోవడమే గొడవకు మూలం. జట్టులో అందరికీ సరుకు పంపే పని ఎవరిదో వాడే ఆ రెండు పరిశోధనలు ముందు చేయించుకోవాలి.

అపోహ: లెక్క ఆటే రాసుకుంటుంది, మనం రాయక్కర్లేదు.

వాస్తవం: ఐస్‌లాండ్ సంస్థ 2003లో తెచ్చిన ఈవ్ ఆన్‌లైన్‌నే చూడండి. అందులో జట్టును కార్పొరేషన్ అంటారు. దాని ఖజానాకు ఏడు విభాగాలు. ఎవరు, ఎప్పుడు, ఎంత అన్నది ఆటే నమోదు చేస్తుంది. కానీ ఇచ్చింది అప్పా, బహుమానమా? ఎవరి మాట మీద ఇచ్చారు? ఎవరైనా రాస్తే తప్ప ఇవి అందులో ఉండవు. పాత కిరాణా షావుకార్లు ఏ రోజు లావాదేవీ ఆ రోజే చిట్టాలో రాసి, తర్వాత మనిషి మనిషికీ ఆవర్జాలో ఎత్తి రాసేవారు. ఆట ఇచ్చేది చిట్టా మాత్రమే, ఆవర్జా మనమే రాసుకోవాలి. కుర్రాళ్ల పుస్తకంలో తేదీ, పేరు, మొత్తం ఉన్నాయి. 'నెట్ బిల్లు 600' అని ఉంది. '450' అని ఇంకోటి ఉంది గానీ, అది దేనికో ఐదుగురిలో ఒక్కరికీ గుర్తులేదు. 'ఎందుకు' అని ఒక గడి గీయించాను.

అపోహ: జట్టు పన్ను ఎంత పెంచితే ఖజానా అంత నిండుతుంది.

వాస్తవం: ఈవ్‌లో పన్ను రేటు పెట్టేది జట్టు నాయకుడు. అయితే ఆ కోత పడేది ప్రధానంగా శత్రువులను కొట్టినందుకు, అప్పగించిన పనులు చేసినందుకు వచ్చే సొమ్ము మీద. సంతలో కొని అమ్మేవాడి లాభం జోలికి అది పోదు. రేటు పెంచితే భారమంతా పోరాడేవాడిదే. ఏ జట్టులోనూ చేరనివాడికి ఆట వేసే పన్ను 11 శాతం. జట్టు 15 అడిగితే, ఆ పైనున్న నాలుగుకు బదులు ఏమిస్తుందో చూపాలి. యుద్ధంలో పోయిన ఓడకు పరిహారం ఇచ్చే జట్టుకు జనం మారుమాట లేకుండా కడతారు. ఏమీ ఇవ్వని జట్టు నుంచి జారుకుంటారు.

అపోహ: ఆటలో సంపాదించిన నాణేలకూ ఇన్‌కమ్ ట్యాక్స్ ఉంటుంది.

వాస్తవం: ఆడటానికి తప్ప బయటికి తీసుకోవడానికి వీల్లేని నాణేలు పన్ను లెక్కలోకి రావు. 2023 మే 22న కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు ఇచ్చిన సర్క్యులర్ ఈ సంగతి తేల్చింది. అవే నాణేలను విత్‌డ్రా చేసుకోనిస్తే మాత్రం ఆ రోజు నుంచి లెక్కలోకి వస్తాయి. గీత గీసేది నాణెం పేరు కాదు, అది డబ్బుగా మారే వీలుందా లేదా అన్నదే.

అపోహ: నేను స్టూడెంట్‌ని, ఆదాయమే లేదు, నాకు పన్నేమిటి?

వాస్తవం: జీతానికి వర్తించే కనీస మినహాయింపు ఆన్‌లైన్ ఆటలో గెలిచిన సొమ్ముకు వర్తించదు. 2023 ఏప్రిల్ 1 నుంచి నికర గెలుపు మీద నేరుగా 30 శాతం, ఆ పన్ను మీద మళ్లీ 4 శాతం సెస్సు. మిగతా ఆదాయం సున్నా అయినా అంతే.

అపోహ: బుర్ర పెట్టి ఆడేదానికి పన్నూ లేదు, నిషేధమూ లేదు.

వాస్తవం: ఈ నమ్మకం పుట్టింది మన పక్కనే. సికింద్రాబాద్‌లోని క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్ మీద పెట్టిన కేసులో, రమ్మీ ప్రధానంగా నైపుణ్యంతో ఆడే ఆటేనని సుప్రీంకోర్టు 1967లో చెప్పింది. కానీ పన్ను చట్టం నైపుణ్యమా, అదృష్టమా అని అడగదు. తెలంగాణ 2017లోనే డబ్బు పందెం పెట్టే ఆన్‌లైన్ ఆటలను నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన చట్టం కూడా నైపుణ్యమన్న సాకును ఒప్పుకోలేదు. అదే చట్టం ఈ–స్పోర్ట్స్‌ను వేరుగా గుర్తించింది. అక్కడ ప్రవేశ రుసుము, ప్రతిభకు బహుమతి ఉండొచ్చు, పందెం ఉండకూడదు.

అపోహ: ప్రైజ్ మనీ కెప్టెన్ ఖాతాలో పడితే పంచుకుంటే సరి.

వాస్తవం: 50,000 బహుమతి అనుకుందాం. 15,000 కోసి 35,000 వేస్తారు. తలా 7,000 పంచుకుంటారు. కాగితం మీద మాత్రం కెప్టెన్ ఒక్కడే 50,000 సంపాదించినట్టు, 15,000 టీడీఎస్ కట్టినట్టు అతని పాన్ మీద ఎక్కుతుంది. సంవత్సరం గడిచాక అతన్నే అడుగుతారు. దీనికి దారుంది. ఎవరి వాటా ఎంతో, ఎవరి పాన్ ఏదో నిర్వాహకులకు ముందే రాతపూర్వకంగా ఇస్తే టీడీఎస్ ఎవరిది వారి పేరునే జమ అవుతుంది. తర్వాత ఐటీఆర్–1 కాదు, ఐటీఆర్–2 వేయాలి.

ఇదంతా విని ఐదుగురూ జేబులు తడుముకున్నారు. ముగ్గురికి పాన్ కార్డే లేదు. ఆ మూడు పేర్లకూ కింద గీత పడింది. నేను లేవబోతుంటే పుస్తకం పట్టుకున్నవాడు ఆ రోజు పద్దు రాస్తున్నాడు: 'చాయ్, 6'. కొత్తగా గీసిన 'ఎందుకు' గడిలో, 'సార్ ఫీజు'.