చుట్టకు చల్లదనమా, పదునా?

సిగార్ పెట్టెను 21 డిగ్రీల సెల్సియస్ దగ్గర, 70 శాతం తేమలో ఉంచాలన్నది పాశ్చాత్య దేశాల్లో స్థిరపడిన లెక్క. హైదరాబాద్‌లో ఏసీ లేకుండా ఆ 21 డిగ్రీలు దొరికేది చలికాలంలోనే. 1966 జూన్ 2న ఈ నగరంలో 45.5 డిగ్రీలు నమోదైంది. అయినా సరే, ఇక్కడి ఇళ్లలో సిగార్లను నిలవ ఉంచుకోవచ్చు. పొగాకుకు ముందుగా కావలసింది సరైన తేమ. వేడి దాని తర్వాతి సంగతి. అది ముఖ్యంగా రెండు దారుల్లో దెబ్బతీస్తుంది: ఒకటి పురుగు, రెండోది తేమలో ఎగుడుదిగుడు.

తేమ సంగతి మన పొగాకు రైతుకు తరతరాలుగా తెలుసు. ఆరిన ఆకును మిట్టమధ్యాహ్నం ముట్టుకుంటే నుసి అయిపోతుంది. అందుకే తెల్లవారుజామున మంచుకు ఆకు మెత్తబడి పదునుకు వచ్చాకే దాన్ని దించుతారు, కట్టలు కడతారు. మండె వేసిన, అంటే గుట్టగా పేర్చిన ఆకు తనంతట తానే లోపల వేడెక్కుతుంది. అది మాడిపోకుండా మండె విప్పి, పైది కిందికీ కిందిది పైకీ మార్చి మళ్లీ కడతారు. గోదావరి లంకల ఒండ్రులో పండిన పొగాకు 19వ శతాబ్దంలోనే తిరుచ్చి చుట్టలకూ బర్మాకూ వెళ్లింది. షెర్లాక్ హోమ్స్ తొలి నవల 1887లో వచ్చింది. అందులో హంతకుడు కాల్చింది తిరుచ్చి చుట్టేనని హోమ్స్ బూడిదను చూసి చెబుతాడు.

ఇప్పుడు వేడి సంగతి. కాచిగూడలో ఎంఎంటీఎస్ రైలు ఎక్కితే విద్యానగర్, జామై ఉస్మానియా, ఆర్ట్స్ కాలేజీ స్టేషన్లు వరసగా వస్తాయి. ఆ దారికి దగ్గర్లోనే, ఆజామాబాద్‌లో వజీర్ సుల్తాన్ పొగాకు కంపెనీ ఉంది. 1930లో ఏర్పడిన ఈ కంపెనీదే చార్మినార్ సిగరెట్. ఇంకాస్త ముందుకు వెళితే 1939లో ప్రారంభమైన ఆర్ట్స్ కాలేజీ రాతి భవనం కనిపిస్తుంది. ఏప్రిల్ ఎండలో బయటి నుంచి ఆ గోడల మధ్యకు అడుగుపెట్టినవాళ్లకు మందపాటి రాయి చేసే మేలు ఒంటికే తెలుస్తుంది. పగటి వేడి అంత మందాన్ని దాటి లోపలికి రావడానికి గంటలు పడుతుంది, ఈలోపు పొద్దు వాలిపోతుంది. తార్నాక అపార్టుమెంట్లలో పై అంతస్తు స్లాబు అలా కాదు. పగలంతా కాగి, రాత్రి పొద్దుపోయేదాకా కిందికి వేడి చిమ్ముతూనే ఉంటుంది. కాబట్టి సిగార్ పెట్టెను అటక మీద పెట్టడమంత చెడ్డ పని లేదు. ఎండ తగలని లోపలి గదిలో, బీరువా కింది అరలో పెట్టండి.

వేడికీ తేమకూ ఉన్న లంకె ఇది. ఒక ఘనపు మీటరు గాలి 20 డిగ్రీల దగ్గర సుమారు 17 గ్రాముల నీటి ఆవిరిని పట్టుకోగలదు, 40 డిగ్రీల దగ్గర 51 గ్రాములను. వేసవి మధ్యాహ్నం గది గాలి దాహంతో ఉండేది అందుకే. తెరిచి ఉంచిన చుట్ట ఒక్క వారంలో పెళుసెక్కుతుంది. బిగుతుగా మూసిన పెట్టెలో మాత్రం పొగాకే తేమకు నిధి. గాలిలో ఉన్నదానికంటే ఎన్నో రెట్ల నీరు ఆకులో ఉంటుంది. కాబట్టి సగం ఖాళీగా ఉన్న పెట్టె కంటే నిండు పెట్టె నిలకడగా ఉంటుంది. రోజూ రాత్రి ఏసీ వేసి పగలు ఆపేసే గదిలో ఈ నిలకడ ఇంకా అవసరం.

ఇక పురుగు. దాని పేరు లాసియోడెర్మా సెర్రికార్నే. రెండు మూడు మిల్లీమీటర్ల ఎర్రగోధుమ రంగు పెంకుపురుగు. 30 డిగ్రీల వేడి, 70 శాతం తేమ దానికి పండగ. మన వానాకాలం సరిగ్గా అదే. 18 డిగ్రీల కిందికి వెళితే దాని ఎదుగుదల ఆగిపోతుంది. పొగాకు ఒక్కటే దాని తిండి కాదు. పసుపు, ఎండుమిర్చి, ధనియాలు, శొంఠి, పాత పుస్తకాలు, బోటనీ విభాగాల్లో కాగితాలకు అతికించి దాచిన ఎండు మొక్కలు, అన్నీ తింటుంది. ఈజిప్టులో టుటన్‌ఖామెన్ సమాధిలోనూ ఇది దొరికింది. అమెరికా ఖండం పొగాకు మిగతా లోకానికి తెలియడానికి వేల ఏళ్ల ముందే ఇది మనిషి కొట్టుల్లో కాపురం పెట్టిందన్నమాట. మందు చల్లకుండా దీన్ని చంపాలంటే చలే దారి. కొత్త సిగార్లను గాలి చొరని సంచిలో పెట్టి, మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్‌లో కొన్ని రోజులు ఉంచాలి. తర్వాత ఒక రోజు కింది ఫ్రిజ్‌లో, ఆ తర్వాత గదిలో. ఒకేసారి బయటికి తీస్తే పై ఆకు చిట్లుతుంది. ఫ్రిజ్‌లోనే శాశ్వతంగా ఉంచడం మాత్రం వద్దు. ఫ్రాస్ట్ ఫ్రీ ఫ్రిజ్ గాలి పొడిగా ఉంటుంది, పైగా నిన్నటి చేపల పులుసు వాసన చుట్టకు పడుతుంది.



తేమ ఎక్కువైతే వచ్చేది బూజు. నిలవ సరుకులో బూజు ఎంత ప్రాణాంతకమో తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు దేశానికి చూపించారు. 1974లో రాజస్థాన్, గుజరాత్ పల్లెల్లో అకాల వర్షాలకు తడిసిన మొక్కజొన్న తిని వందమందికి పైగా కాలేయం చెడి చనిపోతే, అఫ్లాటాక్సిన్ ప్రమేయాన్ని బయటపెట్టింది వాళ్లే. అందుకే బూజు పట్టిన చుట్టను తుడిచి వాడుకోకుండా పారేయాలంటాను.

బూజు లేని చుట్ట కూడా ఒంటికి మేలు చేయదు. ఉత్తరాంధ్ర తీరంలో అడ్డపొగ తాగే స్త్రీలు నిప్పున్న కొసను నోట్లోనే పెట్టుకుంటారు. అప్పుడు నోటిలోని గాలి 120 డిగ్రీల దాకా వేడెక్కుతుందని పరిశోధకులు కొలిచారు. అక్కడ అంగిలి క్యాన్సర్ ఎక్కువగా కనిపించడానికి ఆ అలవాటే కారణం.

మీ పెట్టెలో తేమ చూపే హైగ్రోమీటర్ నిజం చెబుతోందా? సీసా మూతలో రెండు చెంచాల ఉప్పు పోసి, కరిగిపోకుండా ముద్దలా అయ్యేంత నీళ్లు చుక్కలుగా కలపండి. దాన్నీ హైగ్రోమీటర్‌నూ ఒకే జిప్ సంచిలో మూసి ఒక రోజు ఉంచండి. గది 20 డిగ్రీలున్నా 30 ఉన్నా, ఆ సంచిలో తేమ 75 శాతం దగ్గరే నిలుస్తుంది. ముల్లు 70 చూపితే, ఇకపై చూపినదానికి 5 కలుపుకోండి. మన వేసవి వేడిలో పెట్టె లోపల 65 శాతం ఉంటే చాలు. 70కి పైన ఉంచితే పురుగుకూ బూజుకూ మనమే చోటిచ్చినట్టు.